రాని చుట్టాల కోసం కట్టిన గది

ఇంట్లో ఏ గదిలో ఎంతసేపు ఉంటున్నామో ఎవరూ లెక్క రాసుకోరు. రాసుకుంటే మాత్రం చాలా ఇళ్లలో డైనింగ్ రూమ్ పరువు పోతుంది. వంటింట్లో ఓ పక్కన నలుగురు కూర్చునే చిన్న టేబుల్ సంగతి కాదు నేను చెప్పేది. దాని దగ్గర రోజూ తింటాం, పోట్లాడుకుంటాం, ఊరి కబుర్లు చెప్పుకుంటాం. నేనంటున్నది హాల్‌కీ వంటింటికీ మధ్య విడిగా, ఎనిమిది కుర్చీలతో, అద్దాల బీరువాతో, నెత్తిమీద షాండ్లియర్‌తో, అచ్చంగా భోజనాల కోసమని కట్టించుకున్న గది గురించి. ఆ గదిని ఇంకో పనికి వాడుకోవాలన్నదే నా వాదన. అలాగని "ఖాళీగా పడి ఉంది కదా, ఏదో ఒకటి చేసేద్దాం" అనేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఆ మాటకొస్తే వాళ్లతోనే ఎక్కువ.

మా ఇంట్లో ఆ టేబుల్ మీద ఏముండేదో చెబుతాను. ఒక కొసన మా పెద్దదాని లెక్కల పుస్తకాలు, సగం అరిగిన రబ్బరు ముక్కలు. మధ్యలో విప్పని పార్సిల్ డబ్బాలు, కట్టాల్సిన బిల్లులు, ఎవరిదో తెలియని ఛార్జరు. రెండో కొసన మడత పెట్టాల్సిన బట్టల కుప్ప. కిటికీ పక్క కుర్చీలో నా లాప్‌టాప్ సంచీ. ఎవరైనా వస్తున్నామని ఫోన్ చేస్తే చాలు, అదంతా రెండు చేతులా ఎత్తి పడకగదిలో మంచం మీద పడేసి తలుపు వేసేవాళ్లం. వాళ్లటు వెళ్లగానే అన్నీ మళ్లీ ఎక్కడివక్కడికి చేరేవి. అంటే ఆ గది ఖాళీగా ఏమీ లేదు, రోజూ పనిచేస్తూనే ఉంది. పేరు భోజనాలది, పనులు మాత్రం వేరేవాళ్లవి.

ఇది మా ఇంటి జబ్బు ఒక్కటే కాదు. 2001 నుంచి 2005 దాకా లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ ప్రాంతంలో 32 కుటుంబాల ఇళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లు రోజంతా ఎక్కడ ఉంటున్నారో, ఏం చేస్తున్నారో దగ్గరుండి రాసుకున్నారు. అన్నీ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే మధ్యతరగతి కుటుంబాలే. అందులో ఒక ఇంటి కింది అంతస్తు పటం గీసి, మనుషులు కనబడిన చోటల్లా చుక్క పెట్టారు. చుక్కలన్నీ వంటింట్లో, టీవీ, కంప్యూటర్ ఉన్న చోట గుంపులు గుంపులుగా పడ్డాయి. డైనింగ్ రూమ్, వరండా దాదాపు తెల్లగా మిగిలిపోయాయి. ఆ పటం చూసినప్పుడు నాకు మా ఇల్లే ఎవరో గీసినట్టు అనిపించింది.

అసలు ఈ గది అనాదిగా ఉన్నదేం కాదు. మధ్యయుగాల్లో ఐరోపాలోని పెద్ద పెద్ద ఇళ్లలో కూడా స్టాండ్ల మీద చెక్క పలకలు పరిచి, తిన్నాక వాటిని విప్పి గోడకి చేర్చేవారు. అదే హాల్లో మిగతా పనులన్నీ జరిగేవి. తినడానికి మాత్రమే ఒక గది అన్నది ధనవంతుల ఇళ్లలో స్థిరపడింది 18వ శతాబ్దంలో. స్కాట్లండ్ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ 1770లలో దీని గురించి రాస్తూ, ఇంగ్లండులో మగవాళ్లు భోజనం అయ్యాక కూడా గంటలకొద్దీ అక్కడే కూర్చుని రాజకీయాలు మాట్లాడుకుంటారు గనక ఆ గది దర్జాగా ఉండాలన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు: ఆ గది గోడలకు గుడ్డలు వేలాడదీయకుండా గచ్చుతో నగిషీ చేయించాలట, లేకపోతే తిండి వాసన పట్టుకుంటుందని. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఇప్పటి డైనింగ్ రూముల్లో మాట్లాడితే గొంతు ఎందుకు ఖంగుమంటుందో దీంట్లోనే ఉంది.

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో ఇంట్లో కట్టించుకున్న భోజనాల గది ఇంకా చిత్రమైనది. పొయ్యి గూడుకి రెండు పక్కలా సన్నటి లిఫ్టుల్లాంటి గూళ్లు, వాటిలో కింద నేలమాళిగ నుంచి వైన్ సీసాలు పైకి వచ్చేవి. ఇంకో పక్క అరలు బిగించిన తలుపు, ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. అవతల గిన్నెలు పెట్టి తిప్పితే ఇవతలికి వస్తాయి. వండిందీ, మోసిందీ బానిసలు. తినేవాళ్లకి వాళ్ల మొహాలు ఎంత తక్కువ కనబడితే అంత హాయి అన్నమాట. ఈ గది పుట్టిన పద్ధతే అది. ఎవరో ఎక్కడో వండాలి, ఎవరో మోసుకురావాలి, కూర్చున్నవాళ్లు కూర్చునే ఉండాలి.

ఇప్పుడు వండేదీ మోసేదీ కూర్చునేదీ ఆ ఇంటి మనుషులే అయ్యాక ఆ పద్ధతి ఎలా నడుస్తుంది? వండే మనిషి అటు తిరిగి ఒంటరిగా చాకిరీ చేస్తుంటే, మిగతావాళ్లు ఇటు గదిలో నవ్వుకుంటూ కూర్చోవడం ఎవరికీ బాగోదు. అందుకే వచ్చినవాళ్లు కూడా వంటింట్లోకే వచ్చి నిలబడతారు. ఇళ్లు గీసేవాళ్లు ఇది ఎప్పుడో పసిగట్టారు. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్లకు గీసిన వంటిల్లు సుమారు 1.9 మీటర్లు బై 3.4 మీటర్లు. దాన్ని ఆనుకుని ఉన్న గదిలోకి పక్కకి జరిగే తలుపు ఉండేది. కుటుంబం తినేది, కూర్చునేది ఆ ఒక్క గదిలోనే. 1937లో అమెరికాలోని మాడిసన్‌లో జేకబ్స్ దంపతుల కోసం ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇంట్లోనూ విడిగా భోజనాల గది లేదు. వంటింటి పక్కనే, హాల్‌కి కలిసిపోయేలా టేబుల్‌కి కాస్త చోటు వదిలాడు, అంతే. మనమేమో కట్టుకునే స్తోమత రాగానే వెనక్కి వెళ్లి ఆడమ్ గారి గదిని కట్టించుకున్నాం, వడ్డించే మనుషులు లేకుండానే.

సరే, గదిని మార్చాలి. దేనికి? ఇక్కడే నా పేచీ.

ఇంట్లో ఇప్పటికే జరుగుతూ, చోటు లేక గది గదికీ తిరుగుతున్న పని ఏదో చూసి గదిని దానికివ్వాలి. జరిగితే బాగుండునని మనం అనుకునే పనికి ఇవ్వకూడదు. మా ఆయన జిమ్ అన్నారు. ఆయన వ్యాయామం చేసే మనిషి కారు. చేసే మనిషి అయితే పడకగదిలో మంచానికీ గోడకీ మధ్య చాప పరుచుకుని అయినా చేస్తూ ఉండేవారు, అప్పుడు నేనే గది ఖాళీ చేసి ఇచ్చేదాన్ని. సంగీతం గదులు, చిత్రలేఖనం గదులు, "ప్రశాంతంగా కూర్చునే" గదులు ఇవన్నీ చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. గది ఇస్తే అలవాటు పుడుతుందని నమ్ముతాం. పుట్టిన అలవాటుకి గది దొరికితే బాగుపడుతుంది గానీ, లేని అలవాటుని గది పుట్టించగా నేనైతే చూడలేదు. అలా చేస్తే రాని చుట్టాల కోసం ఉంచిన గదిని, రాబోయే మనం అనే ఇంకో రాని చుట్టానికి ఇచ్చినట్టవుతుంది.

హక్కుదారు ఎవరో కనుక్కోవడం కష్టమేం కాదు. టేబుల్ మీద సామానంతా తీసేయండి. ఎవరికీ ఏమీ చెప్పకండి. కొన్నాళ్లు పోయాక ఆ టేబుల్ మీదకి ముందుగా ఏది తిరిగొచ్చిందో చూడండి. మా ఇంట్లో నోట్‌బుక్కులు, ఆ వెనకే లాప్‌టాప్ వచ్చి చేరాయి. బట్టల కుప్ప మాత్రం సోఫా మీదకి వలస పోయింది, దానికి ఏ గదైనా ఒకటే. కాబట్టి మాకు కావలసింది చదువుకునే, రాసుకునే, పనిచేసుకునే గది. మీ టేబుల్ మీదకి రంగు పెన్సిళ్లు, బ్లాకులు వస్తే మీ జవాబు వేరు.

మా ఆయన అభ్యంతరం అందరూ ఊహించేదే.

"రేపు పదిమంది వస్తే ఎక్కడ కూర్చోబెడతావ్?"

"మొన్న వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో ముందు మీరు చెప్పండి."

ఆలోచించారు. మా మరిది వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే తిన్నాడు. పిల్లలు పళ్లాలు పట్టుకుని టీవీ ముందుకి పోయారు. ఆ నిటారు కుర్చీల్లో నడుం పట్టేస్తుందని అత్తయ్యగారు సోఫా వదల్లేదు. టేబుల్ మీద గిన్నెలున్నాయి, గరిటెలున్నాయి, చుట్టూ మనుషులు లేరు. వడ్డన బల్లగా వాడుకోవడానికి ఒక గది మొత్తం అక్కర్లేదని ఆయనే ఒప్పుకున్నారు, కాకపోతే గట్టిగా కాదు.

ఇక గది సంగతి. డైనింగ్ రూమ్‌ని మార్చడమంటే టేబుల్ తీసి ఇంకోటి పెట్టడం అనుకుంటారు చాలామంది. ఆ గదికి పుట్టుకతో వచ్చిన లోపాలు కొన్ని ఉన్నాయి. వాటి జోలికి పోకుండా ఎంత మంచి సామాను కొన్నా, కొద్ది నెలలకే ఆ గది మళ్లీ దారిన పోయే గదిలా తయారవుతుంది.

అన్నిటికంటే పెద్దది తలుపు. చాలా డైనింగ్ రూములకి తలుపే ఉండదు. హాల్ వైపు ఒక వెడల్పాటి దారి, వంటింటి వైపు ఇంకొకటి, రెండూ బార్లా తెరిచి ఉంటాయి. గిన్నెలు మోసుకెళ్లడానికి అది బాగానే ఉంటుంది. అక్కడ కూర్చుని పని చేసుకునే మనిషి మాత్రం నడిరోడ్డు మీద కూర్చున్నట్టే లెక్క. ముందు చూసుకోవాల్సింది, ఇంట్లోవాళ్లు రోజూ ఏ దారిన నడుస్తున్నారని. వంటింటి నుంచి హాల్‌కి వేరే దారి ఉంటే అదృష్టవంతులు, ఒక వైపు మూసేయొచ్చు. ఈ గదిలోంచే అందరూ నడవాలంటే ఆఫీసు ఆలోచన మానుకుని, పిల్లల ఆటలకో, పుస్తకాలకో ఇవ్వడం నయం.

ఒక వైపే మూసే వీలుంటే వంటింటి వైపు మూయమంటాను. మోత అటునుంచే వస్తుంది. మిక్సీ, కుళాయి, గిన్నెల చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాను, వీటితో పాటు పోపు ఘాటు. హాల్ వైపు అద్దాల తలుపు పెడితే వెలుతురు ఆగదు, లోపల మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలుస్తుంది, ఊరికే తలుపు తట్టే బాధ తప్పుతుంది. పక్కకి జరిగే తలుపులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ గోడకీ తలుపుకీ మధ్య సందు మిగిలిపోతుంది. గాలి దూరే సందులోంచి చప్పుడు కూడా దూరుతుంది. కాబట్టి చప్పుడు ఆగాలంటే చౌకట్లో బిగుతుగా కూర్చునే గట్టి చెక్క తలుపు, కింద సందుకి రబ్బరు పట్టీ. లోపల డొల్లగా ఉండే తలుపు తేలిక, చవక. దాని అవతల మాట్లాడే మాట ఇవతల అక్షరం పొల్లుపోకుండా వినబడుతుంది.

తర్వాతిది గది లోపలి మోత. ఆడమ్ చెప్పింది గుర్తుందా? గుడ్డ లేని గోడలు, నున్నటి నేల, గాజు, చెక్క. వాసన పట్టని గదిలో చప్పుడు కూడా పట్టదు, తగిలిన గోడల్లా వెనక్కి కొడుతుంది. నలుగురు భోంచేస్తున్నప్పుడు ఆ సందడి బాగానే ఉంటుంది. వీడియో కాల్లో మాట్లాడితే అవతలివాళ్లు "బావిలోంచి మాట్లాడుతున్నారా?" అంటారు. నేల మీద మందపాటి కార్పెట్, కిటికీకి బరువైన కర్టెన్, ఒక గోడ నిండా పుస్తకాలు పెడితే చాలావరకు తగ్గుతుంది. ఫోమ్ పలకలు అమ్మేవాళ్లు "సౌండ్‌ప్రూఫ్" అంటారు, నమ్మకండి. అవి గదిలో ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి అంతే, పక్క గదిలో మిక్సీని ఆపవు.

షాండ్లియర్ గురించి ఒక్క మాట, దీనికి మాత్రం నవ్వొస్తుంది. భోజనాల టేబుల్ ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. దాని మీద మరో 75 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున దీపం వేలాడదీయడం ఆనవాయితీ. అంటే దీపం అడుగుభాగం నేల నుంచి 150, 165 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. టేబుల్ ఉన్నంతకాలం దాని కిందకి ఎవరూ వెళ్లరు గనక ఫర్వాలేదు. టేబుల్ పక్కకి జరిపిన మర్నాటి నుంచి అది సరిగ్గా నుదుటికి తగిలే ఎత్తు. మా ఎలక్ట్రీషియన్ పట్టుకారుతో గొలుసు లింకులు ఒక్కొక్కటీ విడదీసి, మిగిలిన వైరు పైకప్పు దగ్గరి గిన్నెలాంటి మూతలోకి చుట్టి పెట్టాడు. ఓ అరగంట పని. మనుషులు కింద తిరిగేట్టయితే దీపం అడుగు నేలకి 210 సెంటీమీటర్ల పైనే ఉండాలి. అంత ఎత్తు రాకపోతే తీసేసి మామూలు దీపం పెట్టించండి. కప్పులో పాయింటు మాత్రం తీయించకండి, మళ్లీ ఎప్పుడైనా అవసరం పడొచ్చు.

పైన దీపం ఎంత బాగున్నా పనికి అదొక్కటే చాలదు. గది మధ్యలో దీపం, మనం గోడ వైపు తిరిగి కూర్చుంటే కాగితం మీద మన తలకాయ నీడే పడుతుంది. రాసే, చదివే పనికి ఆఫీసుల్లో 500 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలమానం) వెలుతురు ఉండాలని ఐరోపా ప్రమాణాలు చెబుతాయి. ఆహ్లాదం కోసం పెట్టుకున్న మసక దీపాలతో అందులో సగం కూడా రాదు. టేబుల్ లాంప్ తప్పదు. కిటికీ మన పక్కన ఉండేలా కూర్చోవాలి. ఎదురుగా ఉంటే కళ్లలో పడుతుంది, వెనక ఉంటే స్క్రీన్‌లో పడుతుంది. ఇక ప్లగ్ పాయింట్లు. భోజనాల గదికి వాటి అవసరం లేదనుకుని ఒకటో రెండో పెడతారు, అదీ బీరువా వెనక. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు గుమ్మం మీదుగా ఈడ్చే పని పెట్టుకోకుండా, రంగులు వేయించకముందే పాయింట్లు పెట్టించుకోవడం మేలు.

ఇప్పుడు టేబుల్. దాన్ని అమ్మేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఇవ్వను. తప్పు గది పేరుదే గానీ టేబుల్‌ది కాదు. అంత వెడల్పున్న రాత బల్ల కొనాలంటే దొరకదు. మేం దాన్ని గది మధ్యలోంచి కిటికీ దగ్గరికి జరిపాం, ఒక కొస గోడకి ఆనించి. మా పెద్దమ్మాయి ఒక వైపు, నేను ఎదురుగా. దాని పుస్తకాలు పరుచుకున్నా నా మోచేతికి తగలవు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. 75 సెంటీమీటర్ల ఎత్తు తినడానికి బాగుంటుంది, టైపు చేయడానికి చాలామందికి కాస్త ఎక్కువ, భుజాలు పైకి లేస్తాయి. కుర్చీ పైకి లేపితే కాళ్లు వేలాడతాయి. ఎత్తు మార్చుకునే కుర్చీ ఒకటి కొని, కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే ఆ సమస్య తీరింది. డైనింగ్ కుర్చీలో కూర్చుని రోజంతా ఉద్యోగం చేద్దామనుకుంటే మాత్రం నడుం ఒప్పుకోదు. అవి ఒక భోజనం పట్టేంతసేపు కూర్చోవడానికి చేసిన కుర్చీలు.

పుస్తకాల గది చేద్దామనుకునేవాళ్లు బరువు గురించి ఆలోచించాలి. వరసగా పేర్చిన మామూలు పుస్తకాలు మీటరుకు పాతిక నుంచి ముప్పై అయిదు కిలోల దాకా తూగుతాయి. అయిదు అరల బీరువా ఒక్కటే నూరు కిలోలు దాటడం మామూలే. చాలా దేశాల నియమాల ప్రకారం ఇళ్ల నేలని చదరపు మీటరుకు సుమారు 150 నుంచి 200 కిలోల లెక్కన కడతారు. గ్రంథాలయాల్లో పుస్తకాల బీరువాలుండే చోటికి ఆ లెక్క 600 కిలోల పైమాటే. గోడ వెంబడి ఒక వరస పెట్టుకుంటే సాధారణంగా దిగుల్లేదు. పై అంతస్తులో, అందులోనూ చెక్క నేల మీద, గది మధ్యలో వరసలు కట్టాలనుకుంటే ఇంజినీరుని అడగండి. అరలకి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే వెడల్పు 75, 80 సెంటీమీటర్లు దాటనివ్వకండి. మా కార్పెంటరు "పొడుగ్గా ఉంటే అందంగా ఉంటుందమ్మా" అని 120 సెంటీమీటర్ల అరలు చేస్తానన్నాడు. పుస్తకాలు నిండా పేర్చినప్పుడు అర వంగడం వెడల్పుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 80ని 120 చేస్తే వెడల్పు ఒకటిన్నర రెట్లు, వంపు మాత్రం అయిదు రెట్లు. ఈ లెక్క చెప్పాక మధ్యలో నిలువు చెక్కలు పెట్టడానికి ఒప్పుకున్నాడు.

పిల్లల ఆటగదికి ఈ గది చక్కగా కుదురుతుంది. వంట చేస్తూనే ఒక కన్ను వేసి ఉంచొచ్చు. ఆఫీసుకి లోపాలనుకున్నవే ఇక్కడ సుగుణాలు, తలుపులు అక్కర్లేదు, వంటింటి వైపు తెరిచే ఉంచాలి. ఏటా పిల్లలతో పాటు గది కూడా మారుతుంది గనక గోడలకి బిగించే సామాను మాత్రం చేయించకండి.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ల కోసం కింద అంతస్తులోని ఈ గదిని పడకగదిగా మార్చడం ఇంకో సంగతి. అవసరం నిజమైనది గనక దీనికి నా ఓటు అన్నిటికంటే ముందు. అయితే మంచం వేసేస్తే అయిపోదు. నా స్నేహితురాలు వాళ్ల నాన్నగారి కోసం ఇలాగే చేసి, గుమ్మానికి కర్టెన్ కట్టింది. ఆయన పగలంతా మంచం దిగి హాల్లోకి వచ్చి కూర్చునేవారు. ఎందుకు నాన్నా అంటే, "ఎవరో ఒకరు అటూ ఇటూ పోతుంటే నడవలో పడుకున్నట్టుందమ్మా" అన్నారు. తలుపు పెట్టాక గానీ ఆయనకి అది తన గదిలా అనిపించలేదు. రాత్రిపూట బాత్రూమ్ ఎంత దూరమో, దారిలో ఎన్ని మలుపులో, ఎక్కడ స్విచ్ ఉందో ముందే నడిచి చూడాలి. చక్రాల కుర్చీ అవసరం పడొచ్చు అనుకుంటే తలుపు తీశాక కనీసం 81 సెంటీమీటర్ల దారి మిగలాలి. కిటికీ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మంటలంటుకుంటే బయటపడేంత కిటికీ ఉంటేనే పడకగది అనాలని కొన్ని దేశాల నియమం. అమెరికాలో ఎక్కువ చోట్ల పాటించే నియమావళి తెరుచుకునే భాగం 0.53 చదరపు మీటర్లు ఉండాలంటుంది. నియమం లేని చోట కూడా మంట ఒకలాగే పాకుతుంది కదా.

అమ్మ అన్న మాటకి మాత్రం జవాబు చెప్పడం అంత తేలిక కాలేదు. "అందరూ ఒక్కచోట కూర్చుని తినే టేబుల్ తీసేస్తే, ఎవరి మూల వాళ్లదైపోతుందే." ఇందులో నిజం ఉంది. ఇంట్లో అందరూ పట్టే టేబుల్ ఇంకోటి లేకపోతే ఈ గది జోలికి వెళ్లొద్దని నేనూ చెబుతాను. కుటుంబం కలిసి తినే చోటుని ప్రింటరుకి బలి ఇవ్వడం బుద్ధితక్కువ. మనిషికి టేబుల్ అంచున 60 సెంటీమీటర్ల చోటు కావాలి. కుర్చీ వెనక మనిషి నడవాలంటే 90 సెంటీమీటర్లు వదలాలి. ఈ కొలతలతో మీ వంటింట్లోనో హాల్లోనో ఇంట్లోవాళ్లంతా పట్టే టేబుల్ వేసుకోగలిగితేనే మిగతా మాటలు. మా వంటింట్లో నలుగురికి పడుతుంది, రోజూ రాత్రి నలుగురం అక్కడే తింటున్నాం. నెలకోసారైనా పెద్ద పంక్తి వేసే ఇల్లు మీదైతే, వచ్చినవాళ్లు నిజంగానే టేబుల్ చుట్టూ కూర్చుని గంటల తరబడి మాట్లాడుకుంటుంటే, ఈ వ్యాసం మీ కోసం కాదు. ఆ గది దాని పని అది చేస్తోంది. వదిలేయండి.

ఇల్లు అమ్మేటప్పుడు ధర తగ్గుతుందనే భయం ఇంకోటి. గోడలు పడగొట్టకుండా, కప్పులో పాయింటు తీయకుండా, అరల్ని స్క్రూలతో బిగిస్తే మళ్లీ భోజనాల గది చేయడానికి రెండు రోజుల పని. ఎప్పుడో కొనబోయే మనిషి అభిరుచి ఊహించుకుని, ఇప్పుడున్న మనుషులు మంచాల మీద కూర్చుని హోంవర్కు చేయడం నాకు నచ్చదు. ఆ కొనబోయే మనిషికి కూడా ఆఫీసు గదే కావాలేమో, 2020 తర్వాత ఇంట్లోంచి పనిచేసేవాళ్లు ఎంతమంది పెరిగారో చూస్తున్నాం.

పెద్ద సందడి ఉన్న రోజున ఏం చేస్తామంటారా? లాప్‌టాప్, పుస్తకాలు అరలోకి ఎక్కిస్తాం, టేబుల్‌ని ఇద్దరం చెరో కొస పట్టుకుని మధ్యలోకి లాగుతాం, ఇల్లంతా చెదిరిన కుర్చీల్ని పోగేస్తాం. ఒకటి పడకగదిలో, ఒకటి బాల్కనీలో, రెండు వంటింట్లో ఉంటాయి. పావుగంట పని. ఆ కుర్చీలు విడివిడిగా ఉన్నప్పుడే ఎక్కువ పనికొస్తున్నాయి.

అద్దాల బీరువా విషయంలో మాత్రం మా ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదు. పింగాణీ సెట్టు అందులోనే ఉండాలని మా ఆయన, దాన్ని వంటింట్లోకి తెచ్చి రోజూ వాడదామని నేను. ప్రస్తుతానికి పై రెండు అరలు ఆయనవి, కింది రెండు నావి. ప్రింటరు కాగితాలు, ఫైళ్లు, పిల్లల రంగు డబ్బాలు కింద చేరాయి. పై అరలోంచి ఆరు పళ్లాలు ఇప్పటికే వంటింట్లోకి వచ్చేశాయి, ఆయన ఇంకా గమనించలేదు.